పెట్రోలు వ్యాన్‌కు గ్యాస్ పట్టిస్తే...

బ్రిటన్‌లో ఎండాకాలం మొదలైందంటే పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్లు షెడ్లలోంచి బయటికొస్తాయి. పక్కకు జరిగే తలుపు తీస్తే పొయ్యి, చిన్న సింకు. వెనక సీటు వాలిస్తే మంచం. పైకప్పు ఎత్తితే పిల్లలకు పడక. కార్న్‌వాల్ తీరం నుంచి స్కాట్లాండ్ కొండల దాకా ఎక్కడ ఆపితే అక్కడే ఇల్లు. ఇన్ని సౌకర్యాలున్న బండికి ఒకటే బెంగ, పెట్రోలు ఖర్చు. 1980ల నాటి బరువైన వ్యాన్ లీటరుకు ఏడు కిలోమీటర్లు ఇస్తే సంతోషించాలి. అందుకే చాలామంది యజమానులు ఉన్న పెట్రోలు ఇంజనుకే ఎల్పీజీ కిట్ పెట్టించుకున్నారు. పెట్రోలు ట్యాంకు అలాగే ఉంటుంది, గ్యాస్ ట్యాంకు అదనంగా వస్తుంది. డ్యాష్‌బోర్డు మీది చిన్న స్విచ్ నొక్కి దీన్నుంచి దానికి మారొచ్చు. చూడ్డానికి ఇది మెకానిక్ షెడ్డు వ్యవహారమే. లోపలికి వెళ్తే మాత్రం ఇందులో విమానయాన చరిత్ర ఉంది, వంటింటి శాస్త్రం ఉంది, దేశానికో తీరుగా ఉండే చట్టం ఉంది.

పెట్రోలులోంచి పారిపోయిన గ్యాసే ఇది

పెట్రోలుకు బదులుగా వాడే ఈ గ్యాస్ మొదట దొరికింది పెట్రోలులోనే. 1910 ప్రాంతంలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక ఫోర్డ్ మోడల్ టి యజమాని, తాను కొన్న పెట్రోలు ఇంటికి చేరేలోపే సగం ఆవిరైపోతోందని మొరపెట్టుకున్నాడట. ప్రభుత్వ గనుల శాఖలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేస్తున్న వాల్టర్ స్నెల్లింగ్ ఆ ఆవిరి సంగతేమిటో తేల్చడానికి పూనుకున్నారు. అందులో ప్రొపేన్, బ్యూటేన్ ఉన్నాయని, వాటిని ఒత్తిడితో ద్రవంగా మార్చి నిల్వ చేయవచ్చని కనుక్కున్నారు. 1913లో పేటెంట్ వచ్చింది. దాన్ని ఆయన చమురు వ్యాపారి ఫ్రాంక్ ఫిలిప్స్‌కు 50,000 డాలర్లకు అమ్మేశారు. ఒక కారు యజమాని విసుగు నుంచి కోట్లాది వంటిళ్ల పొయ్యి పుట్టిందంటే నాకిప్పటికీ అబ్బురమే.

బ్రెజిల్ చిత్రం

ఇక వ్యాన్ సంగతి. 1947 ఏప్రిల్ 23న బెన్ పాన్ అనే డచ్ కార్ల వ్యాపారి తన నోటుబుక్కులో గీసిన నాలుగు గీతల బొమ్మే ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌కు మూలం. 1950 మార్చిలో తయారీ మొదలైంది. మరుసటి ఏడాదికే వెస్ట్‌ఫాలియా కంపెనీ అందులో మంచం, అలమర అమర్చి క్యాంపర్‌గా మార్చింది.

ఈ వ్యాన్ రెండో తరం రూపం ఎక్కువ కాలం తయారైంది బ్రెజిల్‌లో. అక్కడ 2013 చివరిదాకా ఫ్యాక్టరీలోంచి వస్తూనే ఉంది. ఆ దేశంలో వంట గ్యాస్ వ్యాపారం మొదలైన తీరు ఇంకా విచిత్రం. జర్మనీ నుంచి బ్రెజిల్‌కు జెప్పెలిన్ ఆకాశనౌకలు తిరిగే రోజుల్లో వాటి ఇంజన్ల కోసం గ్యాస్ సిలిండర్లు అక్కడ నిల్వ చేసేవారు. 1937లో హిండెన్‌బర్గ్ అనే ఆకాశనౌక కాలిపోయాక ఆ ప్రయాణాలు ఆగిపోయాయి. మిగిలిన సిలిండర్లను ఎర్నెస్టో ఇగెల్ అనే వ్యాపారి కొని, ఇళ్లకు వంట కోసం అమ్మడం మొదలుపెట్టాడు. అలా పుట్టిందే అల్ట్రాగాజ్ కంపెనీ.

అంటే అక్కడ ఇంజను కోసం తెచ్చిన గ్యాసే పొయ్యికి చేరింది. మరి పొయ్యి గ్యాస్ తిరిగి ఇంజనుకు చేరిందా? లేదు! 1991లో వచ్చిన బ్రెజిల్ చట్టం వాహనాల ఇంజన్లలో ఎల్పీజీ వాడటాన్ని నేరంగా ప్రకటించింది. ఈత కొలనుల్లో నీళ్లు వేడి చేసుకోవడానికి కూడా వాడకూడదంది. విదేశాల నుంచి తెచ్చుకునే గ్యాస్ వంటకు సరిపోకపోతే ఎలా అన్నది అప్పటి భయం.

80 శాతం దగ్గర ఆగాల్సిందే

60 లీటర్ల గ్యాస్ ట్యాంకు అని రాసి ఉంటే అందులో పట్టేది 48 లీటర్లే. ఇందులో మోసమేమీ లేదు. ద్రవరూపంలో ఉన్న ఎల్పీజీ ఎండ తగిలితే నీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉబ్బుతుంది. ట్యాంకు నిండా పోస్తే ఉబ్బడానికి చోటుండదు. అందుకే లోపల ద్రవం మీద తేలే ఫ్లోట్ ఒకటి ఉంటుంది, 80 శాతం చేరగానే అది వాల్వును మూసేస్తుంది. బంకులో మీటరు దానంతటదే ఆగిపోతుంది. ఎంత బతిమాలినా ఇంకో లీటరు ఎక్కదు.

ట్యాంకులో ఒత్తిడి ఎంత ఉంటుంది? 20 డిగ్రీల వేడిలో ప్రొపేన్ దాదాపు 7 బార్లు, అంటే మామూలు కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి మూడింతలు. యూరప్‌లో అమలయ్యే ఆర్67 నిబంధన ప్రకారం ఒత్తిడి 27 బార్ల దగ్గరికి వెళ్తే రక్షణ వాల్వు తెరుచుకుని గ్యాస్‌ను కొద్దికొద్దిగా బయటికి వదిలేయాలి. ట్యాంకు పగిలిపోకుండా కాపాడేది ఈ వాల్వే. దాని విలువ ఎంతటిదో 1999 జనవరిలో తెలిసొచ్చింది. ఫ్రాన్స్‌లోని వెనిస్యూ పట్టణంలో దుండగులు నిప్పు పెట్టిన ఒక గ్యాస్ కారు, మంటలార్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది కళ్లెదుటే పేలింది. కొందరు తీవ్రంగా గాయపడ్డారు. ఆ కారు ట్యాంకుకు రక్షణ వాల్వు లేదు. ఆ తర్వాతే ఫ్రాన్స్ ఆ వాల్వును తప్పనిసరి చేసింది. వాల్వు లేని కార్లను భూగర్భ పార్కింగుల్లోకి రానివ్వలేదు. ఈ రోజు గ్యాస్ బండి నడిపే ప్రతివాళ్లూ ఆ సిబ్బందికి రుణపడి ఉన్నారు.

గ్యాస్‌కు వేడి నీళ్లు కావాలి

నాకు బాగా నచ్చిన విశేషం ఇదే. ట్యాంకులోంచి వచ్చేది ద్రవం. ఇంజనుకు కావాల్సింది ఆవిరి. ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. అలా మారేటప్పుడు చుట్టూ ఉన్న వేడినంతా లాగేసుకుంటుంది. ఆ పని జరిగే అల్యూమినియం భాగం పేరు వేపరైజర్. దానికి వేడి అందకపోతే నిమిషాల్లో పైన తెల్లగా మంచు పేరుకుంటుంది, ఇంజను ముక్కి మూలిగి ఆగిపోతుంది. అందుకే ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన రేడియేటర్ నీళ్లను చిన్న గొట్టంతో వేపరైజర్‌లోకి మళ్లిస్తారు. బయట మంచు కురుస్తున్నా లోపల ఈ నీళ్లే గ్యాస్‌ను మరిగిస్తుంటాయి.

పొద్దున్నే బండి తీసినప్పుడు నీళ్లు చల్లగా ఉంటాయి కదా? అందుకే గ్యాస్ వ్యాన్ కూడా మొదట పెట్రోలుతోనే స్టార్టవుతుంది. నీళ్లు 30, 40 డిగ్రీలకు చేరాక ఇంజను గదిలో 'టక్'మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. సొలినాయిడ్ వాల్వు తెరుచుకున్న శబ్దమది. స్విచ్ మీద పచ్చ దీపాలు వెలుగుతాయి. నాలుగు వెలిగితే ట్యాంకు నిండుగా ఉన్నట్టు, ఒకటే మిగిలితే బంకు వెతుక్కోవాల్సిందే. కొత్త రకం కిట్లలో ఈ మార్పిడి ఎంత మెత్తగా జరుగుతుందంటే పక్కన కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదు.

ఇక్కడే పాత ఫోక్స్‌వ్యాగన్ యజమానులకు చిక్కొచ్చింది. 1970ల నాటి వ్యాన్ల ఇంజన్లు గాలితో చల్లబడేవి. వాటికి రేడియేటరే లేదు, ఇక వేడి నీళ్లెక్కడివి? ఆ బండికి గ్యాస్ పెట్టాలంటే ఇంజన్ ఆయిల్ వేడినో, మరో వేడినో వేపరైజర్ దాకా తీసుకెళ్లే ఉపాయం ఆలోచించాలి. అదీ ఆ పని బాగా తెలిసినవాళ్లే చేయాలి. 1982 చివర్లో నీళ్లతో చల్లబడే ఇంజన్లు వచ్చాకే గ్యాస్ కిట్ పెట్టడం తేలికైంది. బ్రిటన్‌లో టి25 అని పిలిచే ఆ చదరపు ముక్కు వ్యాన్లు గ్యాస్‌కు ఎక్కువగా మారడానికి ఇదో ముఖ్య కారణమని నా నమ్మకం.

ముసలి ప్లగ్ వైర్ల గుట్టు రట్టు

బ్రిటన్ బంకుల్లో మామూలు పెట్రోలు ఆక్టేన్ 95. ప్రొపేన్‌ది వందకు పైనే. అంటే ఇంజను 'నాకింగ్' కొట్టకుండా మరింత ఒత్తిడిని తట్టుకుంటుంది. ఆయిల్ కూడా పెట్రోలు మీద నడిచినప్పటికన్నా ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది. అయితే గ్యాస్, గాలి కలిసిన మిశ్రమంలో నిప్పురవ్వ పుట్టడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. పెట్రోలు మీద ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన అరిగిన ప్లగ్గులు, పగుళ్లిచ్చిన వైర్లు గ్యాస్‌కు మారిన వారంలోనే దొరికిపోతాయి. బండి కుదుపులతో నడుస్తుంది. పాత మిక్సర్ రకం కిట్ అయితే ఇన్‌లెట్ గొట్టంలోనే గ్యాస్ అంటుకుని 'ధన్' మని వెనక్కి తన్నుతుంది. ఆ దెబ్బకు ఎయిర్ ఫిల్టర్ డబ్బా చీలిపోయిన సందర్భాలున్నాయి. అందుకే మంచి మెకానిక్ ముందు ప్లగ్గులు, వైర్లు మార్చి, ఆ తర్వాతే గ్యాస్ కిట్ పెట్టె విప్పుతాడు. కిట్ మీద ఎంత ఖర్చు పెట్టినా ఈ చిన్న పనిని దాటవేస్తే ఫలితం ఉండదు.

ఇంకో సూక్ష్మం వాల్వు సీట్లది. పాత రోజుల పెట్రోలులో కలిపే సీసం వాల్వు, సీటు గట్టిగా కొట్టుకోకుండా పలచటి పొరలా కాపాడేది. 2000 సంవత్సరం మొదలయ్యేసరికి బ్రిటన్ బంకుల్లో సీసం పెట్రోలు మామూలు అమ్మకం నిలిచిపోయింది. గ్యాస్‌లో ఆ రక్షణ అసలే ఉండదు. మెత్తని సీట్లున్న పాత ఇంజను గ్యాస్ మీద ఎక్కువ వేగంతో ఎక్కువ దూరం పోతే సీట్లు అరిగి, వాల్వు సందు తగ్గిపోతుంది. సర్వీసు చేయించినప్పుడల్లా ఆ సందు కొలిపించుకోవాలి.

ఆదా ఎక్కడుంది?

లీటరు గ్యాస్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలుకన్నా పాతిక శాతం దాకా తక్కువ. కాబట్టి అదే దూరానికి ఎక్కువ లీటర్లు పడతాయి. మరి లాభమెలా? అసలు సంగతి పన్నులో ఉంది. 2022 మార్చిలో తగ్గించాక బ్రిటన్‌లో లీటరు పెట్రోలు మీద ఇంధన సుంకం 52.95 పెన్నీలైంది. వాహన గ్యాస్ మీద కిలోకు 28.88 పెన్నీలు. లీటరు లెక్కలోకి మారిస్తే సుమారు 15 పెన్నీలే.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. పెట్రోలు లీటరు 1.40 పౌండ్లు, గ్యాస్ 80 పెన్నీలు అనుకోండి. ఏడాదికి 4,800 కిలోమీటర్లు తిరిగే వ్యాన్‌కు లీటరుకు ఏడు కిలోమీటర్ల చొప్పున దాదాపు 690 లీటర్ల పెట్రోలు, అంటే 960 పౌండ్లు. గ్యాస్ అయితే 860 లీటర్లు, 690 పౌండ్లు. మిగిలేది 270 పౌండ్లు. కిట్‌కు, బిగింపుకు 1,500 పౌండ్లు పెడితే అది తిరిగి రావడానికి అయిదేళ్లు దాటుతుంది. సెలవుల్లో మాత్రమే తిరిగేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. వ్యాన్‌లోనే కాపురముండి యూరపంతా చుట్టేవాళ్లకు మాత్రం ఇది కచ్చితంగా లాభసాటి. అయితే బ్రిటన్‌లో గ్యాస్ పోసే బంకులు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. కిట్ పెట్టించుకునే ముందు మీ ఊరి చుట్టుపక్కల బంకు ఉందో లేదో చూసుకోవాలన్నది అక్కడి అనుభవజ్ఞుల మాట.

గాలికి మేలుందా అంటే ఉంది, కొంతవరకు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, లీటరు గ్యాస్‌కు 1.5 కిలోలు. గ్యాస్ ఎక్కువ లీటర్లు కాలుతుంది కాబట్టి నికరంగా తగ్గేది పది నుంచి ఇరవై శాతం.

ఒక బండి, రెండు గ్యాసులు

క్యాంపర్ వ్యాన్‌లో వంట కోసం ఎలాగూ గ్యాస్ ఉంటుంది. ఆ గ్యాసే ఇంజనుకూ ఇస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిపోదు. పొయ్యికి ట్యాంకు పైభాగంలోని ఆవిరి కావాలి, ఇంజనుకు అడుగున ఉండే ద్రవం కావాలి. పొయ్యి గొట్టంలోకి ద్రవం వచ్చిందంటే మంట అదుపు తప్పుతుంది. రెంటికీ వేర్వేరు గొట్టాలున్న ప్రత్యేకమైన ట్యాంకులు ఉన్నాయి గానీ మామూలు సిలిండర్‌తో ఆ పని కుదరదు. చట్టమూ ఒప్పుకోదు. బ్రిటన్‌లో వంట గ్యాస్ మీద వాహన ఇంధన సుంకం లేదు. దాంతో బండి నడిపితే పన్ను ఎగ్గొట్టినట్టే.

సిలిండర్ రంగుల్లోనూ ఒక విశేషం. మనకు ఎర్ర బండ అంటే ఇంటి గ్యాస్. బ్రిటన్‌లో పేరున్న కాలర్ కంపెనీ సిలిండర్లలో ఎరుపు ప్రొపేన్‌కు, నీలం బ్యూటేన్‌కు గుర్తు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. అందుకే చలికాలంలో క్యాంపర్ వాళ్లు ఎర్ర సిలిండరే పెట్టుకుంటారు. నీలం సిలిండర్‌తో మంచు కొండలకు వెళ్తే పొద్దున టీ నీళ్లు కాగవు.

క్యాంపర్‌లో సిలిండర్ ఉంచే అరను తెరిచి చూడండి. అడుగున ఒక రంధ్రం ఉంటుంది, బండి కిందికి నేరుగా తెరుచుకుని. చూసినవాళ్లు తుప్పు పట్టి పడిందేమో అనుకుంటారు. కావాలని పెట్టిందే అది. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. కారిన గ్యాస్ కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. ఆ రంధ్రమే దానికి బయటికి దారి. చలిగాలి వస్తోందని దాన్ని మూసేస్తే ప్రాణాలమీదికి తెచ్చుకున్నట్టే. గ్యాస్‌కు సహజంగా వాసన లేదు. మన ముక్కు పట్టేసే ఆ దుర్గంధం ఇథైల్ మెర్కాప్టాన్‌ది. లీకును పసిగట్టాలనే కలుపుతారు.

సరిహద్దు దాటితే మూతి మారుతుంది

యూరప్‌లో గ్యాస్ పోసే గొట్టం మూతి దేశానికో రకం. బ్రిటన్, నెదర్లాండ్స్‌లో తిప్పి బిగించే బయొనెట్ రకం. ఇటలీ, ఫ్రాన్స్, పోలండ్‌లలో డిష్ రకం. జర్మనీ, బెల్జియంలలో మరలుండే ఆక్మే రకం. స్పెయిన్‌ది మళ్లీ వేరు. అందుకే దూరం వెళ్లే క్యాంపర్ల డ్యాష్‌బోర్డు అరలో పాస్‌పోర్టుతోపాటు నాలుగైదు ఇత్తడి అడాప్టర్లు కూడా ఉంటాయి. మూతి బిగించి, బంకు మీటరు మీది బటన్‌ను నొక్కిపట్టుకోవాలి. చెయ్యి తీస్తే ప్రవాహం ఆగుతుంది. చివర్లో గొట్టం విప్పేటప్పుడు 'బుస్' మంటూ కాస్త గ్యాస్, తెల్లటి ఆవిరి బయటికొస్తాయి. ఆ చల్లదనం చర్మాన్ని కాల్చినంత పని చేస్తుంది, చేతికి తొడుగు తప్పనిసరి.

ఫ్రాన్స్‌కు వెళ్లాలనుకున్న గ్యాస్ వ్యాన్‌కు ఇంకో అడ్డంకి. ఇంగ్లిష్ ఛానల్ కింది సొరంగంలో బండ్లను మోసే యూరోటన్నెల్ రైలు, ఎల్పీజీతో నడిచే వాహనాలను ఎక్కించుకోదు. పెట్రోలుకు మార్చుకుని వచ్చినా ఒప్పుకోదు. కానీ వంట కోసం పరిమితి మేరకు సిలిండర్ ఉన్న పెట్రోలు క్యాంపర్‌ను అనుమతిస్తుంది. గ్యాస్ వ్యాన్ వాళ్లు డోవర్ లాంటి రేవు నుంచి ఓడ ఎక్కాల్సిందే.

ప్రపంచం, మనం

టర్కీలో 40 లక్షలకు పైగా కార్లు గ్యాస్ మీద నడుస్తున్నాయి. హాంకాంగ్ ట్యాక్సీలు 2000 తర్వాత కొద్ది ఏళ్లలోనే దాదాపు పూర్తిగా డీజిల్ వదిలి గ్యాస్‌కు మారాయి. జపాన్‌లో 2017లో వచ్చిన టయోటా ట్యాక్సీ గ్యాస్, బ్యాటరీ కలిసిన హైబ్రిడ్. దక్షిణ కొరియాలో మొన్నమొన్నటిదాకా ట్యాక్సీలు, దివ్యాంగుల వాహనాల్లాంటి కొన్నింటికే గ్యాస్ బండి కొనే హక్కు ఉండేది. 2019లో అందరికీ తలుపు తెరిచారు.

మన దేశంలో వాహనాల్లో ఎల్పీజీ వాడకానికి దారి చూపించింది 2001 నాటి కేంద్ర ఉత్తర్వు. తర్వాత ఆటో ఎల్పీజీ బంకులొచ్చాయి, హైదరాబాద్‌లో ఎన్నో ఆటోలు గ్యాస్‌కు మారాయి. 1984 నుంచి 2019 దాకా తయారైన మారుతి ఓమ్నికి కంపెనీయే గ్యాస్ కిట్ బిగించి అమ్మింది. మన ఊళ్లలో పెళ్లి బృందాలను, స్కూలు పిల్లలను, కూరగాయల గంపలను మోసిన ఆ వ్యాన్ మనకు క్యాంపర్‌తో సమానమే.

ఆ ఓమ్నిలోనే మనవాళ్లు చేసిన ప్రమాదకరమైన పనీ ఉంది. వెనక సీటు కింద ఇంటి బండ పెట్టి, పైపు తగిలించి నడిపేయడం. వాహన ట్యాంకుకు 80 శాతం దగ్గర ఆపే వాల్వు, ఇంజను ఆగగానే గ్యాస్ మూసే సొలినాయిడ్, గొట్టం తెగితే ప్రవాహాన్ని ఆపే వాల్వు, కారిన గ్యాస్‌ను బండి బయటికి పంపే మూసిన పెట్టె ఉంటాయి. 14.2 కిలోల ఇంటి బండకు ఇవేవీ ఉండవు. వంటింట్లో కదలకుండా నిలబడటానికే దాన్ని తయారుచేశారు, గుంతల రోడ్డు మీద పిల్లల కాళ్ల కింద దొర్లడానికి కాదు. మీ బండికి గ్యాస్ కావాలనుకుంటే ఆమోదం ఉన్న కిట్టే పెట్టించుకోండి, ఆర్సీలో ఇంధనం మార్పు రాయించుకోండి, బీమా కంపెనీకి తెలియజేయండి. పిల్లలు ఎక్కే స్కూలు వ్యాన్‌లో ఇంటి బండ కనిపిస్తే మొహమాటపడకుండా పిల్లలను దిగిపొమ్మని చెప్పండి, పోలీసులకు, రవాణా శాఖకు ఫిర్యాదు చేయండి.